ట్రాక్‌కి వెళ్లొచ్చిన కారు: కొనేవాడికి ఏం చెప్పాలి?

(హైదరాబాద్‌లో కార్లంటే ఇష్టమున్నవాళ్లు కలుసుకున్న ఒక ఆదివారం చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకి రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఫ్యాను కింద కూర్చోండి. కాస్త సేపు పడుతుంది.

నన్ను మాట్లాడమన్నది ట్రాక్ డేల గురించి. అంటే మీ సొంత కారుని, సోమవారం ఆఫీసుకి తీసుకెళ్లే ఆ కారునే, రేస్ ట్రాక్ మీదికి తీసుకెళ్లి మనసారా నడపడం. ఎలా నడపాలో, ఏ హెల్మెట్ కొనాలో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఎవరూ పెద్దగా ఎత్తని విషయం ఎత్తుతాను. అదే కారుని రెండేళ్ల తర్వాత అమ్మేటప్పుడు, కొనేవాడికి ట్రాక్ సంగతి చెప్పాలా, అక్కర్లేదా? నా మాట ముందే చెప్పేస్తున్నా. చెప్పాలి. అడిగితే చెప్పాలి, అడక్కపోయినా చెప్పాలి. ఎందుకు అంటున్నానో వినండి, తర్వాత మీ ప్రశ్నలు తీసుకుంటాను.

మనవాళ్లు ఎక్కువగా వెళ్లేది ఎక్కడికి? చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టై. శ్రీపెరంబుదూర్ దగ్గర, మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్ల ట్రాక్. 1990లో మొదలైంది. ల్యాప్, అంటే ఒక చుట్టు, 3.7 కిలోమీటర్లు, పన్నెండు మలుపులు. కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే ఉంది, అది చిన్నది, 2.1 కిలోమీటర్లు. గ్రేటర్ నోయిడాలో బుద్ధ్ సర్క్యూట్ ఉంది, 2011 నుంచి 2013 దాకా ఫార్ములా వన్ జరిగిన చోటు, ఐదు కిలోమీటర్ల పైమాట. మనకి మాత్రం చెన్నై దగ్గర. నార్కెట్‌పల్లి దగ్గర మలుపు తిరిగి, అద్దంకి మీదుగా ఒంగోలు, నెల్లూరు, సూళ్లూరుపేట... ఆరొందల కిలోమీటర్లు పైనే అవుతుంది, అయినా పొద్దున్నే బయల్దేరితే సాయంత్రానికి హోటల్లో ఉంటారు.

వెళ్లమనే చెప్తాను. ఇక్కడున్న తల్లిదండ్రులకి మరీ చెప్తాను. మీ అబ్బాయి చేతిలో రెండొందల హార్స్‌పవర్ ఉన్న కారు పెట్టారు. వాడు దాన్ని ఎక్కడో ఒకచోట గట్టిగా తొక్కుతాడు. అర్ధరాత్రి ఓఆర్ఆర్ మీద తొక్కాలా? అక్కడ ఎదురుగా లైట్లు లేని ట్రాక్టరు రావచ్చు, రాంగ్ రూట్లో బండి రావచ్చు. ట్రాక్ మీద అందరూ ఒకే దిశలో వెళ్తారు, జెండా ఊపే మార్షల్ ఉంటాడు, అంబులెన్సు ఉంటుంది, పక్కకి జారితే ఆగడానికి ఖాళీ స్థలం ఉంటుంది. తన తప్పుకి దారిన పోయేవాడు బలి కాడు. నాకు ట్రాక్ మీద ఇంత ప్రేమ ఉండబట్టే అమ్మకం సంగతి ఎత్తుతున్నాను. ట్రాక్‌కి వెళ్లడాన్ని దాచుకోవాల్సిన పనిలా చేసింది మనమే. సెకండ్ హ్యాండ్ మార్కెట్లో "ట్రాక్ కారా? వద్దు బాబోయ్" అనే భయం పుట్టించింది కూడా మనమే, దాచి దాచి.

సరే, ట్రాక్ మీద కారుకి ఏమవుతుంది? ఒక్క బ్రేకు సంగతే తీసుకుందాం, ఎందుకంటే అసలు కథ అక్కడే ఉంది.

పధ్నాలుగు వందల కిలోల కారు. ఊళ్లో నూరు నుంచి అరవైకి బ్రేక్ వేశారనుకోండి. ట్రాక్ మీద తిన్నటి దారి (స్ట్రెయిట్) చివర నూట ఎనభై నుంచి ఎనభైకి వేశారనుకోండి. రెండోదానిలో బ్రేకులు మింగాల్సిన శక్తి మొదటిదానికి నాలుగు రెట్లు. అంతా వేడిగానే మారాలి, ఇంకో దారి లేదు. లెక్క కడితే ఆ ఒక్క బ్రేకింగ్‌లో పుట్టే వేడితో నాలుగు లీటర్ల పైగా నీళ్లు మరిగించవచ్చు. అది ఒక్కసారికి! ల్యాప్‌కి మూడు నాలుగు సార్లు అలా, ఇరవై నిమిషాల పాటు. చక్రంతో పాటు తిరిగే బ్రేక్ డిస్కులు చల్లబడే లోపే మళ్లీ వేడి. డిస్కు ఉష్ణోగ్రత ఐదారు వందల డిగ్రీలకి పోతుంది. అక్కణ్ణుంచి వేడి డిస్కుని పట్టే ప్యాడ్లలోకి, ఆ ప్యాడ్లని నొక్కే కాలిపర్‌లోకి, ఆఖరికి బ్రేక్ ఆయిల్‌లోకి వెళ్తుంది. మనం బ్రేక్ ఆయిల్ అంటాం కానీ అది బ్రేక్ ఫ్లూయిడ్, డాట్ 4 అనే రకమైతే గాలిలోని తేమని పీల్చుకునే ద్రవం. కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పీల్చుకున్నాక ఆ హామీ 155 డిగ్రీలకి పడిపోతుంది. రెండేళ్లుగా మార్చని ఆయిల్‌తో ట్రాక్ మీదికి వెళ్తే ఏమవుతుంది? ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు పుడతాయి. ఆవిరి నొక్కితే నొక్కుకుంటుంది కదా, పెడల్ మెత్తగా నేలకి పోతుంది. కారు ఆగదు.

ఇప్పుడు కొనేవాడి వైపు నుంచి చూడండి. ట్రాక్ మీద రోజంతా తిరిగితే ఎన్ని కిలోమీటర్లు అవుతుంది? సెషన్ పదిహేను ఇరవై నిమిషాలు, రోజుకి ఐదారు సెషన్లు. మహా అయితే నూటయాభై, నూట ఎనభై. ఓడోమీటర్ మీద అదొక లెక్కే కాదు, హైదరాబాద్ నుంచి సూర్యాపేట దాటినంత. కానీ ఆ నూటయాభైలో ప్యాడ్లు సగం పైగా పోవచ్చు, టైరు పక్క అంచులు అరిగిపోతాయి, గేర్‌బాక్స్ ఆయిల్ వేడెక్కి నీరసపడుతుంది. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాడు మొదట చూసేది కిలోమీటర్లు. అది ఇక్కడ ఏమీ చెప్పదు. అందుకే చెప్పాల్సిన బాధ్యత మీ మీద పడుతుంది అంటున్నాను. అతనికి తెలిసే దారి లేదు. మీకు తెలుసు.

ఇంకో పక్క కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. ట్రాక్‌కి వెళ్లిన ప్రతి కారూ పాడైపోయిన కారు కాదు. శ్రద్ధ ఉన్నవాడు ట్రాక్‌కి ముందు ఇంజన్ ఆయిల్ మారుస్తాడు, బ్రేక్ ఫ్లూయిడ్ మారుస్తాడు, ఇంజన్ పూర్తిగా వేడెక్కాకే రెడ్‌లైన్ దాకా, అంటే అది తిరగగలిగే గరిష్ఠ వేగం దాకా, తీసుకెళ్తాడు. చివరి ల్యాప్ మెల్లగా తిరిగి బ్రేకులు చల్లార్చుకుంటాడు. ఆపాక హ్యాండ్‌బ్రేక్ వెయ్యడు, వేస్తే మండుతున్న డిస్కుకి ప్యాడ్ అతుక్కుని మచ్చ పడుతుందని తెలుసు కాబట్టి, గేర్‌లో పెట్టి చక్రం కింద చెక్క పెడతాడు. ఆ కారు, చల్లటి ఇంజన్‌ని పొద్దున్నే గ్యారేజీలోనే రేజ్ చేసి గేటు దాటించే కారు కంటే నూరు రెట్లు మేలు. నన్నడిగితే మొదటిదే కొనుక్కోమంటాను.

ఒక సంఘటన చెప్తాను. తెలిసిన తమ్ముడు ఒకడు సెకండ్ హ్యాండ్ స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ చూసుకుని, వచ్చి చూడమన్నాడు. కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉంది కారు. ముప్పై వేల చిల్లర కిలోమీటర్లు, పెయింట్ అద్దంలా ఉంది. సీట్ల మీద కవర్లు. కొత్త టైర్లు నాలుగూ. కొత్త టైర్లు చూసి మా వాడు మురిసిపోయాడు. జాకీ పెట్టి ముందు ఎడమ చక్రం విప్పుదామన్నాను. ఎడమే ఎందుకు? సవ్యదిశలో తిరిగే ట్రాక్ మీద కుడి మలుపులు ఎక్కువ, బరువంతా ఎడమ ముందు చక్రం మీద పడుతుంది. విప్పాం. ప్యాడ్లు కొత్తవి, నిండుగా ఉన్నాయి. డిస్కు మాత్రం పాతది. టార్చి వేసి చూస్తే రంగు నీలంగా మారిన మచ్చలు, వెంట్రుకంత సన్నటి పగుళ్లు, మధ్య నుంచి అంచు వైపుకి. కాలిపర్ కంపెనీలో వేసిన ఎరుపు, అది ఇటుక రంగుకి తిరిగింది. పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు బూటు కాలి పెళుసెక్కింది. ఫెండర్ లోపలి లైనర్‌లో నల్లటి రబ్బరు ముక్కలు అతుక్కుని ఉన్నాయి, ట్రాక్ మీద టైర్లు రాల్చిన ముద్దలు. ముందు బంపర్లో టో హుక్, అంటే కారుని లాగడానికి వేసే కొక్కెం, బిగించే చోటు మూత చుట్టూ గీతలు. ఊళ్లో నడిపే కారుకి ఆ మూత ఎందుకు తియ్యాల్సి వస్తుంది చెప్పండి?

"ట్రాక్‌కి ఏమైనా తీసుకెళ్లారా అండీ" అని ఓనరుని అడిగాను. "లేదండీ, ఫ్యామిలీ కారు, వీకెండ్ తప్ప తియ్యం" అన్నారాయన. టార్చి వేసి డిస్కు చూపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పారు, చెన్నై తీసుకెళ్లానని. మా తమ్ముడు అక్కడికక్కడే వద్దనేశాడు. ఆ కారు ఇంజన్ బాగుంది, గేర్‌బాక్స్ బాగుంది. డిస్కులు, బూట్లు మారిస్తే చక్కటి కారు. మొదటే చెప్పి ఉంటే డిస్కుల ఖర్చు తగ్గించుకుని బేరం కుదిరేది. అబద్ధం బయటపడ్డాక ఇంకే మాట నమ్ముతాడు? సర్వీస్ రికార్డు నమ్ముతాడా? "యాక్సిడెంట్ అవ్వలేదు" అంటే నమ్ముతాడా?

కొత్త ప్యాడ్లు వెయ్యడం తప్పా అని మీకు అనుమానం రావచ్చు. తప్పు కాదు. అరిగినవి మార్చి అమ్మడం మంచి పని. మార్చి, ఎందుకు మార్చాల్సి వచ్చిందో చెప్పకుండా, "చూడండి ప్యాడ్లు ఎంత నిండుగా ఉన్నాయో, ఎంత మెల్లగా నడిపానో" అంటే అది మోసం. అదే ప్యాడ్, అదే బిల్లు.

చట్టం ఏమంటుంది? ఇది ఆసక్తిగా ఉంటుంది, కాస్త ఓపిక పట్టండి. మన కాంట్రాక్ట్ చట్టం 1872 నాటిది. పదిహేడో సెక్షన్ మోసం అంటే ఏమిటో చెప్తుంది. తెలిసి తెలిసి ఒక నిజాన్ని కప్పిపుచ్చడం మోసమే. కానీ ఊరికే నోరు మూసుకుని ఉండటం మామూలుగా మోసం కాదంటుంది. దానికి ఉదాహరణలు కూడా చట్టంలోనే ఇచ్చారు, గుర్రంతో. ఒకడు జబ్బు గుర్రాన్ని వేలంలో అమ్ముతాడు, జబ్బు సంగతి తెలిసీ ఏమీ అనడు. అది మోసం కాదు. ఆ కొనేది సొంత కూతురైతే? అప్పుడే మేజరైన అమ్మాయి అయితే? అప్పుడు చెప్పడం తండ్రి బాధ్యత. మూడో ఉదాహరణ వినండి, మనకి కావాల్సింది అదే. కొనేవాడు, "నువ్వు కాదనకపోతే గుర్రం ఆరోగ్యంగా ఉందనుకుంటాను" అన్నాడు. అమ్మేవాడు ఏమీ అనలేదు. అప్పుడు ఆ మౌనం మాటతో సమానం.

అర్థమైందా? కాబట్టి కొనేవాళ్లు ఇక్కడుంటే, వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టండి. "ఈ కారు ట్రాక్ మీద గానీ, డ్రాగ్ రేసుల్లో గానీ వాడలేదనే అనుకుంటున్నాను, అలా కాకపోతే చెప్పండి" అని. మర్యాదగానే రాయండి. తర్వాత గొడవొస్తే ఆ ఒక్క వాక్యం చాలా పనికొస్తుంది. అలాగని చూసుకోవడం మానెయ్యకండి. పందొమ్మిదో సెక్షన్లో ఇంకో మాట ఉంది. అవతలివాడు మౌనంగా ఉండి మోసం చేసినా, మామూలు జాగ్రత్తతో మీరే తెలుసుకోగలిగేదైతే ఒప్పందం రద్దు చేసుకునే హక్కు ఉండదు. అంటే చక్రం విప్పించండి.

ఇక అమ్మేవాళ్లకి. "చట్టం మౌనంగా ఉండొచ్చంది కదా" అని నాతో ఒకరు గట్టిగా వాదించారు. ఉండొచ్చంది, నిజమే. కానీ గుర్రం కొనేవాడు పళ్లు చూస్తాడు, నడిపించి చూస్తాడు, పశువైద్యుణ్ణి పిలుస్తాడు. తరతరాలుగా గుర్రాలు కొన్న అనుభవం ఉంది జనానికి. మన ఊళ్లో కారు కొనేవాళ్లలో ట్రాక్ డే అనేది ఒకటుందని ఎంతమందికి తెలుసు? ఉందనే తెలియనిదాని గురించి ఎలా అడుగుతాడు? అప్పుచేసి, ఈఎంఐ కట్టుకుని, పిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని శ్రీశైలం ఘాట్ దిగుతాడు ఆ కారులో. పగిలిన డిస్కుతో, మరిగి చచ్చిన బ్రేక్ ఆయిల్‌తో. అక్కడ నాకు చట్టం గుర్తు రాదు.

ఇన్సూరెన్స్ మాట ఒకటి చెప్పి తీరాలి. మీ పాలసీ కాగితం తీసి "లిమిటేషన్స్ యాజ్ టు యూజ్" అన్న పేరా చదవండి. ఆర్గనైజ్డ్ రేసింగ్, పేస్ మేకింగ్, స్పీడ్ టెస్టింగ్, రిలయబిలిటీ ట్రయల్స్, వీటికి వాడితే వర్తించదని ఉంటుంది. ట్రాక్ డే రేసు కాదు కదా, టైమింగ్ లేదు కదా అని వాదించుకోవచ్చు, కానీ ఆ వాదన మీద ముప్పై లక్షల కారు పెట్టకండి. ట్రాక్ మీద గోడకి కొడితే ఖర్చు మీదే అనుకుని వెళ్లండి, భరించలేమనుకుంటే వెళ్లకండి. కొంతమంది ఏం చేస్తారో తెలుసు కదా? కారుని టో చేయించి బయటికి తెచ్చి, హైవే మీద కుక్క అడ్డొచ్చిందని క్లెయిమ్ రాస్తారు. అది దొంగతనం, వేరే పేరు లేదు. పైగా ఆ అబద్ధం కారుతో పాటు వెళ్తుంది. రేపు కొనేవాడు క్లెయిమ్ హిస్టరీ తీస్తే "రోడ్డు ప్రమాదం, బంపర్ మార్పు" అని కనిపిస్తుంది. ఛాసిస్‌కి పక్క నుంచి దెబ్బ తగిలిన సంగతి కనిపించదు. అమెరికాలో ఉన్న మనవాళ్లకి ఈ విషయంలో వెసులుబాటు ఉంది, ఒక్క రోజుకి ట్రాక్ ఇన్సూరెన్స్ విడిగా కొనుక్కోవచ్చు. ఆస్టిన్ సర్క్యూట్‌కి వెళ్లే మా చిన్నాన్న కొడుకు అది కొనకుండా గేటు దాటడు.

వారంటీ కూడా అంతే, మీ బుక్‌లెట్ చదువుకోండి. ఆస్ట్రేలియాలో హ్యుందాయ్ తన ఎన్ అనే స్పోర్ట్స్ రకం కార్లకి, పోటీ కాని ట్రాక్ వాడకానికి కూడా వారంటీ ఉందని బాహాటంగా చెప్పింది. అలా చెప్పిన కంపెనీ కారు ఓనరుకి దాచాల్సిన అవసరమేముంది? మన దేశంలో స్పోర్ట్స్ కార్లు అమ్మే కంపెనీలు కూడా ఈ పని చెయ్యాలని నా కోరిక. యాడ్‌లో ట్రాక్ మీద పొగలు కక్కించి చూపిస్తారు, బుక్‌లెట్లో చూస్తే ట్రాక్ పేరెత్తొద్దంటారు.

కారు కూడా గుర్తుపెట్టుకుంటుంది, అది మర్చిపోకండి. చాలా పోర్షే కార్లలో ఇంజన్ కంప్యూటర్ ఓవర్‌రెవ్‌లని, అంటే ఇంజన్ మితిమీరిన వేగంతో తిరగడాన్ని, ఆరు రేంజిలుగా నమోదు చేస్తుంది, ఇంజన్ ఎన్ని గంటలు తిరిగినప్పుడు జరిగిందో కూడా. మాన్యువల్ కారులో ఐదు నుంచి నాలుగుకి వెయ్యబోయి రెండులో వేస్తే, చక్రాలే ఇంజన్‌ని రెడ్‌లైన్ దాటించి తిప్పుతాయి. ఇంజన్ వేగాన్ని హద్దులో ఉంచే రెవ్ లిమిటర్ అక్కడ ఏమీ చెయ్యలేదు. ఆ సంగతి కంప్యూటర్లో ఉంటుంది. కొనేముందు ఆ రిపోర్టు తీయించడం పోర్షే కొనేవాళ్లలో మామూలు పద్ధతి.

మరి ఎలా చెప్పాలి? ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ఏ తేదీన, ఏ ట్రాక్‌లో, ఎన్ని సెషన్లు, ఎండాకాలమా, వానా. ముందు ఏం మార్చారు, తర్వాత ఏం మార్చారు, బిల్లులు. స్పిన్ అయితే రాయండి, గడ్డిలోకి వెళ్తే రాయండి. అమ్మేటప్పుడు ప్రకటనలోనే ఒక వాక్యం, "ట్రాక్ డేలకి తీసుకెళ్లాను, లాగ్ ఉంది". బేరం అంతా అయ్యాక, అడ్వాన్సు తీసుకున్నాక చెవిలో చెప్పడం చెప్పినట్టు కాదు. కొనేవాడు తనకి నచ్చిన మెకానిక్ దగ్గర చక్రాలు విప్పించుకుని చూసుకుంటానంటే ఇవ్వండి.

రేటు సంగతి. అరిగి, మార్చని వస్తువు విలువ తగ్గించండి. నిజం చెప్పినందుకు తగ్గించకండి. మొదటి ఇద్దరు ముగ్గురు వెనక్కి పోతారు, పోనివ్వండి. కారు గురించి తెలిసినవాడు వస్తాడు. అతనికి ఆ నోట్‌బుక్ చూస్తే మీరు ఎలాంటి మనిషో తెలుస్తుంది, కారుని ఎలా చూసుకున్నారో తెలుస్తుంది.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒకరు: అన్నా, రోజూ ఓఆర్ఆర్ మీద రేసులు పెట్టినవాడు ఏమీ చెప్పడు, మంచి రేటుకి అమ్ముకుంటాడు. పద్ధతిగా ట్రాక్‌కి వెళ్లి, లాగ్ రాసిన నేను నష్టపోవాలా?)

న్యాయమైన బాధ తమ్ముడూ. కొన్నాళ్లు నష్టం ఉండొచ్చు, ఉండదని అబద్ధం చెప్పను. ఓఆర్ఆర్ వాడు కూడా చెప్పాలనే అంటాను, కాకపోతే వాడు ఈ గదిలో లేడు, నువ్వున్నావు. ఇక్కడున్న యాభై మందిమి చెప్పడం మొదలుపెడితే, లాగ్ లేని స్పోర్ట్స్ కారుని జనం అనుమానంగా చూసే రోజు వస్తుంది. అప్పుడు ఇబ్బంది పడేది వాడు.

(ఇంకొకరు: సార్, నేను మనిషికి అమ్మట్లేదు, షోరూమ్‌లో ఎక్స్‌చేంజ్ ఇస్తున్నా. వాళ్లే చూసుకుంటారు కదా?)

మంచి ప్రశ్న. ఎక్కువమంది చేసేది ఇదే. వాళ్లు చూసేది పెయింట్, టైర్లు, కిలోమీటర్లు, ఆర్సీ. పావుగంటలో రేటు చెప్తారు. మీరు వాళ్లకి రాతపూర్వకంగా చెప్పండి, మెయిల్ పెట్టండి. నోట్‌బుక్ జిరాక్స్ తీసి సర్వీస్ బుక్ మధ్యలో పెట్టండి. వాళ్లు దాన్ని తీసి పారేస్తే? పారెయ్యొచ్చు. అప్పుడు కూడా ఇంకోటి మీ చేతిలో ఉంది. ఆ కారు కొన్నవాడు పాత ఓనరు ఎవరని వెతుక్కుంటూ ఏదో ఒక రోజు మీకు ఫోన్ చేస్తాడు, సర్వీస్ గురించో, రెండో తాళం గురించో. చాలామంది "అమ్మేశాను, నాకు సంబంధం లేదు" అని పెట్టేస్తారు. మీరు అలా చెయ్యకండి. ట్రాక్ సంగతి చెప్పండి, ముందు డిస్కులు ఒకసారి చూపించుకోమనండి, బ్రేక్ ఫ్లూయిడ్ ఎప్పుడు మార్చారో చెప్పండి. నోట్‌బుక్ ఫోటోలు ఫోన్‌లో ఉంటే పంపించెయ్యండి.

కింద పార్కింగ్‌లో ఒక కారుకి ముందు చక్రాలు విప్పి ఉంచాం. ట్రాక్‌కి వెళ్లొచ్చిన డిస్కు ఒకటి, ఊళ్లో తిరిగిన డిస్కు ఒకటి పక్కపక్కన పెట్టాం. టార్చిలు ఉన్నాయి, అందరూ వచ్చి చూడండి.